ఒకేసారి ఎంతమందిని మోయగలదు? – పాల లెక్కల వెబ్‌సైటుకు భార పరీక్ష

(నారాయణఖేడ్‌లో పాల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో ఇంతవరకు దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, పాల శుభ్రత గురించి పెద్దలు చక్కగా మాట్లాడారు. మాకు అప్పగించిన విషయం కొంచెం వేరు. పాల లెక్కలు ఇప్పుడు చిట్టా పుస్తకం నుంచి కంప్యూటరులోకి, అక్కడి నుంచి ఫోనులోకి వెళ్తున్నాయి. ఆ లెక్కలు నిలిచి ఉండే వెబ్‌సైటు ఒకేసారి ఎంతమందిని మోయగలదు, ఆ సంగతి ముందుగానే ఎట్లా తెలుసుకోవాలి అన్నది నేటి విషయం. ఇంజనీర్లు దీన్ని లోడ్ టెస్టు అంటారు. మనం భార పరీక్ష అందాం.

మేము కంప్యూటరు ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా చదివి, సంఘాల పుస్తకాలు తనిఖీ చేస్తూ తల నెరిసినవాళ్ళము. అయితే లెక్క తప్పిన రోజున ఫిర్యాదు మొదట మా దగ్గరికే వస్తుంది. కనుక ఈ వయస్సులో ఈ సంగతి నేర్చుకోక తప్పలేదు. నేర్చుకున్నంతవరకు మీ ముందు ఉంచుతాము.

ఒక ఉదయం జరిగిన సంగతి

ఊరి పేరు, సంఘం పేరు, యంత్రం ఇచ్చినవారి పేరు చెప్పము. అది బిల్లు జమ అయ్యే రోజు. కార్యదర్శి ఎప్పటిలాగే పాలు పోయించుకుంటున్నాడు. డబ్బు పడిందా లేదా చూసుకోవడానికి ఆ సంఘం సభ్యులు, చుట్టుపక్కల సంఘాల సభ్యులు అదే సమయంలో అదే వెబ్‌సైటును ఫోన్లలో తెరిచారు. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. కార్యదర్శి ఒకసారి నొక్కాడు. పని కాలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి కూడా నొక్కాడు. వెనుక వరుస పెరిగిపోతోంది. శీతలీకరణ కేంద్రం బండి వచ్చి హారను కొడుతోంది.

ఒక్క బర్రె మీద సంసారం నడుపుకుంటున్న ఒక పెద్దావిడ ఆ వరుసలో ఉంది. పాలు పోసి, "ఎక్కినయా బిడ్డా నా పాలు?" అని అడిగింది. "ఎక్కుతయి అమ్మా, నువ్వు పో" అన్నాడు కార్యదర్శి. చీటీ మాత్రం రాలేదు.

తర్వాతి బిల్లులో చూస్తే ఆమెకు ముందు నిలబడిన సభ్యుడి పాలు మూడుసార్లు ఎక్కాయి. ఆమె పాలు ఒక్కసారి కూడా ఎక్కలేదు. తనిఖీకి వెళ్ళి మేము చేతిరాత పుస్తకం అడిగాము. లేదన్నాడు. "మీరే గద సార్, కంప్యూటరు వచ్చింది, ఇక పుస్తకం అక్కర లేదన్నరు" అన్నాడు. నిజమే. అంతకు ముందటి తనిఖీలో ఆ మాట అన్నది మేమే. ఆ పూట పాలకు సాక్ష్యం లేకుండా చేసింది మా సలహా.

పాలకవర్గం తీర్మానం చేసి, ముందురోజు పాల లెక్కన ఆమెకు డబ్బు ఇప్పించింది. ఆమె తీసుకుంది, ఒక్క మాట అనలేదు. తరువాతి వారం నుంచి ఆమె పాలు ప్రైవేటు పాలవాడి డబ్బాలో పడ్డాయి. నాలుగు లీటర్ల డబ్బు తిరిగి ఇవ్వగలిగాము. ఆమెను సంఘానికి తిరిగి తీసుకురాలేకపోయాము. ఈ ప్రసంగానికి కారణం ఆ పెద్దావిడే అని చెప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

బోరు నీళ్ళు, వెబ్‌సైటు బలం

మన వైపు బోరు వేసిన రైతు ఏం చేస్తాడు? మోటారు బిగించి నీళ్ళు చూస్తాడు. మొదటి పది నిమిషాలు ధార బలంగా ఉంటుంది. అది చూసి సంతోషపడి చెరకు నాటినవాడు ఎండాకాలంలో తల పట్టుకుంటాడు. తెలివైన రైతు మోటారును గంటల తరబడి వదలకుండా నడిపిస్తాడు. ధార ఎప్పుడు సన్నబడుతుంది, ఎప్పుడు గాలి తీస్తుంది, ఆపిన తరువాత నీళ్ళు మళ్ళీ ఊరడానికి ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ చూసుకుని ఎన్ని గుంటలకు నీళ్ళు సరిపోతాయో తేల్చుకుంటాడు. ఆ తరువాతే విత్తనం కొంటాడు.

వెబ్‌సైటు భార పరీక్ష అచ్చంగా ఇదే. కార్యాలయంలో నలుగురు కూర్చుని తెరిచి చూస్తే ఏ వెబ్‌సైటు అయినా చకచకా నడుస్తుంది. అది మొదటి పది నిమిషాల ధార. వేలమంది ఒకే గంటలో తెరిచినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఆ వేలమందినీ ముందుగా కృత్రిమంగా సృష్టించి, దాని మీదికి పంపి చూడాలి.

వరుస ఎందుకు పెరుగుతుంది?

ముందు మన పాల కేంద్రం లెక్క చూద్దాం. పాలు పోసి, వెన్న శాతం చూసి, తూకం ఎక్కించి, చీటీ ఇవ్వడానికి ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుందనుకోండి. అంటే నిమిషానికి ఇద్దరు. 60 మంది సభ్యులు రెండు గంటల్లో తీరికగా వస్తే రెండు నిమిషాలకు ఒకరు వచ్చినట్టు. వరుసే ఉండదు. అదే 30 మంది పది నిమిషాల్లో వచ్చి పడితే? ఆ పది నిమిషాల్లో 20 మంది పని అవుతుంది. 10 మంది మిగులుతారు. చివరివాడు అయిదు నిమిషాలు నిలబడాలి. సభ్యులు పెరగలేదు, యంత్రం పాడవలేదు. వచ్చే సమయం దగ్గరపడింది, అంతే.

కంప్యూటరు సర్వరులోనూ ఇదే న్యాయం. దీనికి ఒక సూత్రం ఉంది. అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో దీన్ని రుజువు చేశాడు. లోపల ఒకేసారి ఉండేవారి సంఖ్య, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు లోపల ఉండే సెకన్లతో గుణిస్తే వస్తుంది. ఈ ఒక్క గుణకారం గుర్తుంటే ఈ రోజు తరగతిలో సగం మీకు వచ్చినట్టే.

ఇప్పుడు ఊహా లెక్క ఒకటి వేద్దాం. 200 సంఘాలు, సంఘానికి 60 మంది చొప్పున 12,000 మంది సభ్యులు ఉన్నారనుకుందాం. బిల్లు జమ అయినట్టు అందరికీ ఒకేసారి సందేశం వెళ్ళింది. పది నిమిషాల్లో అందరూ తెరిచారు. పది నిమిషాలంటే 600 సెకన్లు. సెకనుకు 20 మంది లోపలికి వస్తారు. ఒక్కొక్కరు తన బిల్లు చూసి, కోతలు చూసి, పక్కవారికి చూపించి బయటికి రావడానికి మూడు నిమిషాలు, అంటే 180 సెకన్లు. 20ని 180తో గుణిస్తే 3,600. అంటే ఆ సమయంలో ఒకేసారి లోపల ఉండేవారు 3,600 మంది. వీరినే ఏకకాల వినియోగదారులు అంటారు. 12,000 మంది సభ్యులన్న మాట విని 12,000 మందిని మోసే యంత్రం కొననక్కర లేదు. కార్యాలయంలో పదిమంది చూసి బాగుందన్నారని సరిపెట్టుకోనూ కూడదు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. లోపల ఉన్న 3,600 మంది అదే క్షణంలో నొక్కుతూ ఉండరు. చదువుతూ, ఆలోచిస్తూ ఉంటారు. 20 సెకన్లకు ఒకసారి నొక్కుతారనుకుంటే సెకనుకు 180 విన్నపాలు సర్వరును చేరతాయి. ఒక్కొక్క విన్నపానికి జవాబు ఇవ్వడానికి అర సెకను పడితే, ఏ క్షణంలో చూసినా 90 విన్నపాలు పనిలో ఉంటాయి. జవాబు ఆలస్యమై ఒక సెకను పడితే 180 ఉంటాయి.

ఈ 90కి, 180కి తేడా చాలా పెద్దది. ఎందుకంటే లెక్కలు దాచిపెట్టే డేటాబేసుకు తలుపులు లెక్క పెట్టి ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధమైన డేటాబేసును తెచ్చి ఏ మార్పూ చేయకుండా పెడితే ఒకేసారి 100 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. మైఎస్‌క్యూఎల్ అనే మరొకటి 151తో ఆగిపోతుంది. 90 అయితే తలుపులు సరిపోతాయి. 180 అయితే మిగిలినవారు గుమ్మం బయట నిలబడతారు. అప్పుడే మీ ఫోనులో గుండ్రటి గుర్తు తిరుగుతుంది. సర్వరు ఎంత ఖరీదైనదైనా తలుపులు చాలకపోతే ఫలితం ఇదే. పెద్ద డబ్బా కొని సన్నటి గరాటు పెట్టినట్టు.

పరీక్ష ఎట్లా చేస్తారు?

ఇందుకు సాధనాలు ఉన్నాయి. 1998 నుంచి ఉన్న అపాచీ జేమీటర్ వాటిలో బాగా పేరున్నది. అది ఉచితం. లోకస్ట్, కే6 అనేవి తరువాత వచ్చాయి. ఈ సాధనం ఒక కంప్యూటరులో కూర్చుని వందల మంది, వేలమంది సభ్యులలాగా నటిస్తుంది. లోపలికి రావడం, సభ్యత్వ సంఖ్య ఇవ్వడం, బిల్లు తెరవడం, కొంతసేపు ఆగడం, బయటికి వెళ్ళడం, ఇవన్నీ చేస్తుంది. ప్రతి జవాబుకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటుంది.

నటన నిజానికి దగ్గరగా ఉండాలి. అందరూ ఒకే సభ్యత్వ సంఖ్యతో అడిగితే సర్వరు ఒకే జవాబును జ్ఞాపకం పెట్టుకుని అందరికీ అదే ఇచ్చేస్తుంది. పరీక్ష బ్రహ్మాండంగా నెగ్గుతుంది, అసలు రోజున ఓడిపోతుంది. అట్లాగే ఖాళీ డేటాబేసు మీద పరీక్ష చేయకూడదు. మూడేళ్ళ పాల చీటీలు నిండిన నకలు మీద చేయాలి. కొందరు బిల్లు చూస్తూ ఉండగా కొందరు కార్యదర్శులు పాలు ఎక్కిస్తూ ఉండాలి. రెండు పనులూ కలిసినప్పుడే మా పెద్దావిడ చీటీ ఆగిపోయింది.

భారం మెట్లు మెట్లుగా పెంచుతారు. అర్థం కావడానికి ఒక ఊహా పట్టిక చెబుతాము. 500 మందికి జవాబు 0.4 సెకను. 1,000 మందికి 0.5. 2,000 మందికి 0.6. ఇంతవరకు మనుషులు పెరిగిన కొద్దీ పని కూడా పెరుగుతుంది. సెకనుకు 25 విన్నపాలు తీరేవి 49కి, తరువాత 97కి పెరుగుతాయి. 3,000 మందికి జవాబు 1.2 సెకన్లు, తీరే విన్నపాలు 141. 3,500 మందికి జవాబు ఒక్కసారిగా 4 సెకన్లు, విన్నపాలు 146. 4,000 మందికి 7 సెకన్లు దాటుతుంది, విన్నపాలు మాత్రం 146 దగ్గరే నిలిచిపోతాయి. అంటే మనుషులు పెరిగినా పని పెరగడం లేదు, ఎదురుచూపు పెరుగుతోంది. బోరు గాలి తీయడం మొదలుపెట్టిన చోటు అదే. ఈ వెబ్‌సైటు హద్దు 3,000 దగ్గర ఉన్నదని తెలిసింది. మనకు కావలసింది 3,600. కనుక దీన్ని ఇట్లాగే ఊళ్ళలోకి వదలకూడదు. ఈ ఒక్క మాట ముందుగా తెలుసుకోవడానికే పరీక్ష.

పట్టికలో సగటు చూసి మోసపోవద్దు. డబ్బాలో కలిపిన పాల వెన్న శాతం చూసి ఏ బర్రె పాలు పలుచనో చెప్పగలమా? అట్లాగే సగటు ఒక సెకను అన్నప్పుడు కొందరికి అర సెకను, కొందరికి పన్నెండు సెకన్లు పట్టి ఉండవచ్చు. వందలో 95 మందికి ఎన్ని సెకన్లలోపు జవాబు వచ్చిందని అడగాలి. వందలో ఎన్ని విన్నపాలు విఫలమయ్యాయని కూడా అడగాలి. మిగిలిన ఆ అయిదుగురిలో ఒకరు పెద్దావిడే కావచ్చు.

పరీక్షలు నాలుగు రకాలు. రోజూ వచ్చే రద్దీని మోస్తుందా అని చూసేది మామూలు భార పరీక్ష. విరిగేదాకా పెంచి హద్దు కనుక్కునేది రెండవది. రెండు నిమిషాల్లో అందరినీ ఒక్కసారిగా వదిలేది మూడవది, బిల్లు రోజుకు ఇది తప్పనిసరి. ఒక మోస్తరు భారంతో ఒకటి రెండు రోజులు ఆపకుండా నడిపించేది నాలుగవది. మొదటి గంటలో కనబడని జబ్బులు ఈ నాలుగవ దానిలో బయటపడతాయి. జ్ఞాపకశక్తి కొంచెం కొంచెంగా నిండిపోయి, ముప్పై గంటల తరువాత కూలబడే వెబ్‌సైట్లు ఉన్నాయి. చిల్లు పడ్డ పాల క్యాను లాంటివి అవి. చూసిన క్షణంలో నిండుగానే ఉంటుంది.

పెద్దపెద్దవారికీ తప్పలేదు

ఇది మన పల్లెల కష్టం మాత్రమే అనుకోవద్దు. అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమాకు హెల్త్‌కేర్.గవ్ అనే వెబ్‌సైటు తెరిచింది. ఒకేసారి యాభై, అరవై వేలమంది వస్తారని అంచనా. రెండున్నర లక్షల మంది వరకు వచ్చారు. మొదటి రోజున పని పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు. తెరవడానికి కొద్ది రోజుల ముందు కొన్ని వందల మంది భారంతో చేసిన పరీక్షలోనే అది కూలబడిందని తరువాత పత్రికలలో వచ్చింది. పరీక్ష చేశారు, ఫలితం తెలిసింది, అయినా తేదీ మార్చలేదు. పరీక్ష చేయకపోవడం ఒక తప్పు. చేసి ఫలితాన్ని లెక్క చేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. రెండు నెలలు కష్టపడి, ఆ డిసెంబరు మొదటికి ఒకేసారి 50,000 మందిని మోసే స్థితికి తెచ్చారు.

మన దేశంలో 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్ళు దాటినవారందరికీ కోవిడ్ టీకా నమోదు కోవిన్‌లో తెరిచారు. మీలో చాలామంది ఆ సాయంత్రం ఫోను పట్టుకుని కూర్చున్నవారే. నిమిషానికి 27 లక్షల విన్నపాలు వచ్చాయి. మొదట్లో చాలామందికి తెరుచుకోలేదు. అయినా ఆ మొదటి రోజునే కోటికి పైగా నమోదులు జరిగాయి.

రైల్వే టిక్కెట్ల సంగతి మనకు పాఠం కావాలి. 2014లో ఐఆర్‌సీటీసీ కొత్త వ్యవస్థ తెచ్చినప్పుడు నిమిషానికి 2,000 టిక్కెట్ల సామర్థ్యం 7,200కు పెరిగింది. ఒకేసారి 40,000 మందికి బదులు 1,20,000 మందిని మోసేట్టు చేశారు. అంతటితో ఆగలేదు. 2015లో తత్కాల్ టిక్కెట్లను విడదీశారు. ఏసీ తరగతులు ఉదయం 10 గంటలకు, ఏసీ కానివి 11 గంటలకు. రద్దీని రెండుగా చీల్చడానికి కొత్త యంత్రమే కావాలా? గడియారం చాలు.

యూపీఐ చెల్లింపులు 2025 ఏప్రిల్ 12న దేశమంతటా తడబడ్డాయి. చెల్లింపు అయిందా లేదా అని స్థితి అడిగే విన్నపాలు బ్యాంకుల వైపు నుంచి వెల్లువలా రావడం దానికి కారణంగా తేలింది. తరువాత 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో ఒక వినియోగదారు రోజుకు 50 సార్లకు మించి ఖాతా నిల్వ చూడకుండా హద్దు పెట్టారు. గమనించండి, అక్కడ డబ్బు పంపే పనికంటే "పడిందా, పడిందా" అని అడిగే పనే బరువయింది. మన బిల్లు రోజున జరిగేది కూడా ఇదే కదా!

మన పత్తి రైతులు 2025-26 సీజనులో సీసీఐ వారి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని, స్లాటు తీసుకుని పత్తి అమ్మే పద్ధతికి వచ్చారు. పత్తి, టీకా, రైలు, డబ్బు, అన్నీ ఒక తెర వెనుకకు చేరాయి. పాలు కూడా చేరుతున్నాయి. తేడా ఒక్కటే. పత్తి ఒక రోజు ఆగుతుంది. పాలు ఆగవు.

హద్దు తెలిసిన తరువాత ఏం చేయాలి?

మొదటిది, రద్దీని పంచడం. అన్ని మార్గాల సంఘాలకూ ఒకే గంటలో బిల్లు సందేశం పంపనక్కర లేదు. 12,000 మందికి పది నిమిషాల బదులు గంట వ్యవధి ఇస్తే సెకనుకు 20 మంది బదులు ముగ్గురు నలుగురు వస్తారు. అదే గుణకారం వేస్తే 3,600 బదులు లోపల ఉండేవారు 600 మంది. పైసా ఖర్చు లేకుండా భారం ఆరో వంతుకు తగ్గింది. బిల్లు సందేశం పాలు పోసే వేళ దాటిన తరువాతే పంపాలి.

రెండవది, సందేశంలోనే మొత్తం చెప్పడం. ఎన్ని లీటర్లు, ఎంత డబ్బు అన్నది ఎస్‌ఎంఎస్‌లో వస్తే సగంమంది వెబ్‌సైటు తెరవరు.

మూడవది, పాలు ఎక్కించే దారిని, బిల్లు చూసే దారిని వేరు చేయడం. బిల్లు చూసేవారు ఎంతమంది వచ్చినా పాలు ఎక్కే తలుపు మూసుకోకూడదు.

నాలుగవది, కేంద్రంలోని యంత్రం ముందు తనలోనే లెక్క రాసుకుని, చీటీ ఇచ్చి, సిగ్నలు దొరికినప్పుడు సర్వరుకు పంపాలి. మన సరిహద్దు తండాల్లో సిగ్నలు సంగతి మీకు చెప్పనక్కర లేదు. ప్రతి చీటీకి విడి సంఖ్య ఉండాలి. ఒకే చీటీ మూడుసార్లు వెళ్ళినా సర్వరు ఒక్కటిగానే లెక్కించాలి. ఈ ఏర్పాటు ఉండి ఉంటే ఆ సభ్యుడి పాలు మూడుసార్లు ఎక్కేవి కావు.

అయిదవది మనందరి చేతిలో ఉన్నది. తెర ఆగినప్పుడు మళ్ళీ మళ్ళీ నొక్కవద్దు. ఒక్కొక్క నొక్కూ ఒక కొత్త విన్నపం. కూలబడుతున్న సర్వరు మీద మనమే మరో మోపు వేసినట్టు. ఒక నిమిషం ఆగి చూడండి.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

పాలకవర్గం వారు, ప్రతినిధులు మహాసభలో ఈ ప్రశ్నలు అడగండి. ఏకకాలంలో ఎంతమందికి పరీక్ష చేశారు? ఆ సంఖ్య మన సభ్యుల లెక్క నుంచి వచ్చిందా, అమ్మేవారి కరపత్రం నుంచి వచ్చిందా? వందలో 95 మందికి ఎన్ని సెకన్లలో జవాబు వచ్చింది? ఎన్ని విన్నపాలు విఫలమయ్యాయి? ఎక్కడ విరిగింది, విరిగిన తరువాత తనంతట తాను ఎంతసేపటికి కోలుకుంది? పరీక్ష జరిగినప్పుడు మన తరఫున ఎవరు కూర్చున్నారు? కొత్త మార్పు చేసిన ప్రతిసారీ మళ్ళీ పరీక్ష చేస్తామని ఒప్పందంలో రాశారా? మనకు 3,600 కావాలంటే అందులో సగం కలిపి 5,400కు నెగ్గాలని పట్టుబట్టండి. సభ్యులు పెరుగుతారు, ఫోన్లూ పెరుగుతాయి.

"మా సర్వరు ఎంతమందినైనా మోస్తుంది" అని ఎవరైనా అంటే, ఆ మాటను నీళ్ళు కలపని పాలు అన్న మాటలాగానే తీసుకోండి. మాట వినండి, కాని పరీక్ష కూడా చేయించండి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పరీక్షను పాలు పోసే వేళలో, నడుస్తున్న సర్వరు మీద చేయించవద్దు. దాని నకలు మీద చేయించాలి. తప్పదనుకుంటే రెండు పూటల మధ్య, అందరికీ ముందుగా తెలిపి చేయాలి. అట్లాగే ఉచిత సాధనం దొరికింది కదా అని మన పిల్లలు ఎవరైనా ఇతరుల వెబ్‌సైటు మీద దీన్ని ప్రయోగించకూడదు. అనుమతి లేకుండా చేస్తే అది పరీక్ష కాదు, దాడి. ఇతరులకు అందకుండా కంప్యూటరును అడ్డగించడం 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది.

చివరిగా ఒక మాట

చిట్టా పుస్తకం అక్కర లేదని మేము అన్న మాటను ఈ సభాముఖంగా వెనక్కి తీసుకుంటున్నాము. యంత్రం పక్కన పుస్తకం ఉండాలి. తెర ఆగిన పూట సభ్యత్వ సంఖ్య, లీటర్లు, వెన్న శాతం అందులో రాసి, సభ్యుల చేత సంతకమో వేలిముద్రో వేయించుకోండి. తెర తిరిగి వచ్చిన తరువాత ఎక్కించి, చీటీ వారి చేతికివ్వండి. తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట అడిగేది ఆ పుస్తకమే.

సహకార సంఘంలో వంద లీటర్లు పోసే సభ్యునికీ, రెండు లీటర్లు పోసే సభ్యురాలికీ ఒక్కొక్క ఓటే. కంప్యూటరుకు ఈ ధర్మం తెలియదు. రద్దీలో అది ముందు వచ్చినవారిని ముందుకు, వెనుకపడినవారిని బయటికి నెడుతుంది. మంచి ఫోను, మంచి సిగ్నలు ఉన్నవారు లోపలికి వెళ్తారు. తండా చివర ఉన్నవారు బయట ఉండిపోతారు. మన ధర్మాన్ని దానికి నేర్పేది మనమే. ముందే భారం పెట్టి చూడటం, హద్దు తెలుసుకోవడం, ఆ హద్దు లోపల అందరికీ చోటు ఉండేట్టు గడియారాన్ని, తలుపులను సరిచేయడం, ఇంతే ఆ నేర్పడం.

మళ్ళీ ఎప్పుడైనా ఒక పెద్దమ్మ వరుసలో నిలబడి "ఎక్కినయా బిడ్డా నా పాలు?" అని అడిగితే, కార్యదర్శి "ఎక్కినయమ్మా, ఇగో చీటీ" అని చేతిలో పెట్టగలగాలి.